నీరు పల్లమెరుగు: గణిత మేధావి కోషీ జీవితం

ప్రతి ఏటా మా హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం వేసుకోవడం మాకు ఆనవాయితీ. అంబేడ్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, మన హైదరాబాద్ భాగ్యరెడ్డి వర్మ గారి గురించి రాసుకున్నాం. ఈసారి ఎంపీసీ చదివే తమ్ముళ్లు గణితం నుంచి ఒకరిని ఎంచుకోమని పట్టుబట్టారు. రోజూ పుస్తకంలో పేరు చూస్తాం, సూత్రం బట్టీ పడతాం, ఆ పేరు వెనుక మనిషి ఎవరో మాత్రం తెలియదు అన్నది వాళ్ల మాట. అది న్యాయమైన మాటే. అందుకే కోషీని ఎంచుకున్నాం. ఇంటర్‌లో, డిగ్రీలో ఆయన పేరుతో సిద్ధాంతాలు ఎదురవుతూనే ఉంటాయి. ఆయన రాసిన మూడు పేజీల చిన్న వ్యాసం ఒకటి ఈనాటి కంప్యూటర్లకు పాఠాలు నేర్పుతోందని మాత్రం చాలామందికి తెలియదు. ఆ మూడు పేజీల కథ, ఆ మనిషి మంచీ చెడూ రెండూ మీ ముందు పెడుతున్నాం.

ఆకలి రోజుల్లో పుట్టిన పిల్లవాడు

ఓగుస్తాన్ లూయీ కోషీ 1789 ఆగస్టు 21న పారిస్ నగరంలో పుట్టారు. అప్పటికి బాస్తీయ్ కోట కూలి నెల రోజులు దాటింది. ఫ్రెంచి విప్లవం మొదలైంది. ఆయన తండ్రి పాత రాజ్యంలో పోలీసు శాఖ అధికారి. విప్లవం ముదిరి తలలు తెగుతున్న కాలంలో ప్రాణభయంతో ఆ తండ్రి భార్యాబిడ్డలను తీసుకుని ఆర్కీ అనే పల్లెకు వెళ్లిపోయారు. అక్కడ రొట్టె కూడా సరిపడా దొరకని రోజులు గడిపారు. పసివాడు అర్ధాకలితో పెరిగాడు, ఆరోగ్యం బలహీనపడింది. బడి లేదు. తండ్రే గురువై చదువు చెప్పారు.

ఆ పల్లెలోనే లాప్లాస్ అనే గొప్ప గణిత శాస్త్రజ్ఞునికి ఇల్లుండేది. తర్వాత తండ్రికి మళ్లీ ప్రభుత్వ కొలువు దొరికాక లగ్రాంజ్ కూడా ఆ కుటుంబానికి దగ్గరయ్యారు. పిల్లవాడి తెలివి చూసి లగ్రాంజ్ ఒక వింత సలహా ఇచ్చారట. పదిహేడేళ్లు వచ్చేదాకా వీడి చేతికి పెద్ద గణిత గ్రంథం ఇవ్వవద్దని, ముందు భాషా సాహిత్యాలు గట్టిగా నేర్పమని చెప్పారట. తండ్రి అలాగే చేశారు. లెక్కలు వస్తే చాలు, తెలుగు పరీక్ష ఎలాగో గట్టెక్కుతుందిలే అనుకునే మన ఎంపీసీ తమ్ముళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. కోషీ రాతలోని స్పష్టతకు ఆ భాషా చదువే పునాది.

1805లో ఆయన పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలో రెండో స్థానం సంపాదించారు. తర్వాత రోడ్లు, వంతెనల ఇంజినీరింగ్ చదివారు. 1810లో షేర్‌బూర్ అనే ఓడరేవు పట్టణంలో నౌకాదళ నిర్మాణ పనులకు ఇంజినీరుగా వెళ్లారు. అప్పటికి వయసు ఇరవై. పగలంతా పని దగ్గర నిలబడి, రాత్రిళ్లు లాప్లాస్, లగ్రాంజ్ గ్రంథాలు చదివేవారు. అలా చదువుతూనే బహుఫలకాల మీద పరిశోధన చేశారు. 1813లో అచ్చయిన ఆయన ఫలితం ఒకటి చాలా అందమైనది. అట్టముక్కలు అంటించి లోపలికి సొట్టలు లేని ఘనరూపం ఒకటి చేశారనుకోండి. ముఖాలు వంగకుండా ఉంటే, అంచుల దగ్గర ఎంత కదిలిద్దామన్నా ఆ రూపం కదలదు. సొట్ట లేనితనానికి, అంటే కుంభాకారానికి, ఎంత బలముందో ఆయన అప్పుడే చూపించారు. అయితే పగలూ రాత్రీ శ్రమతో ఆరోగ్యం చెడి, ఆ ఉద్యోగం నుంచి పారిస్‌కు తిరిగి రావలసి వచ్చింది.

గురువుగా, శాస్త్రజ్ఞునిగా

1815లో పాలిటెక్నిక్‌లో బోధన మొదలుపెట్టారు. 1816లో సైన్స్ అకాడమీ సభ్యులయ్యారు. ఆ నియామకానికి ఒక మచ్చ ఉంది. రాజు తిరిగి గద్దెనెక్కాక మోంజ్, కార్నో అనే ఇద్దరు పెద్దలను రాజకీయ కక్షతో అకాడమీ నుంచి తొలగించి కొత్తవారిని నియమించారు. అలా లోపలికి వచ్చినవారిలో కోషీ ఒకరు. అర్హత ఉన్నా, వచ్చిన దారి చాలామందికి నచ్చలేదు.

1821లో పాలిటెక్నిక్ పాఠాలను పుస్తకంగా వేశారు. అవధి, అవిచ్ఛిన్నత అని మనం ఇంటర్ రెండో ఏడాదికి ముందే చదివే మాటలకు పక్కా అర్థం ఇచ్చిన పుస్తకాల్లో అది ముఖ్యమైనది. అంతకుముందు కలనగణితం పనిచేసేది గాని, ఎందుకు పనిచేస్తుందో గట్టిగా చెప్పడం కష్టంగా ఉండేది. 1822లో ఘనపదార్థం లోపల ప్రతిబలం ఎలా పంచుకోబడుతుందో చెప్పే సిద్ధాంతం తెచ్చారు. సివిల్ ఇంజినీరింగ్ చదివిన మన పూర్వ విద్యార్థులకు ఇది బాగా తెలుసు. అయితే తరగతిలో పాఠాలు మరీ కఠినంగా ఉన్నాయని విద్యార్థులూ అధికారులూ ఫిర్యాదు చేసేవారు.

రెండు దస్త్రాలు

ఇక్కడ ఒక బాధాకరమైన సంగతి చెప్పాలి. మహనీయుల జీవితాలు రాసేటప్పుడు ఇలాంటివి దాచడం మాకు ఇష్టం లేదు.

నార్వే దేశంలో పేద మతగురువు ఇంట పుట్టిన నీల్స్ అబెల్ అనే యువకుడు 1826లో పారిస్ వచ్చాడు. తండ్రి లేడు, కుటుంబం అప్పుల్లో ఉంది. ప్రభుత్వం ఇచ్చిన ఉపకారవేతనంతో బతుకుతున్నాడు. స్కాలర్‌షిప్ మీద చదువు అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ ఏడాది అక్టోబరులో అతడు ఒక గొప్ప పరిశోధన పత్రం అకాడమీకి ఇచ్చాడు. పరిశీలించి నివేదిక ఇవ్వవలసినవారు లెజాండ్ర్, కోషీ. పత్రం కోషీ దగ్గరికి చేరింది. అక్కడే ఉండిపోయింది. అబెల్ ఎదురుచూసి, డబ్బులైపోయి, తిరుగు ప్రయాణమయ్యాడు. క్షయ వ్యాధితో 1829 ఏప్రిల్ 6న ఇరవై ఆరేళ్లకే చనిపోయాడు. బెర్లిన్‌లో ఉద్యోగం దాదాపు ఖాయమైందన్న ఉత్తరం రెండు రోజుల తర్వాత బయలుదేరింది. ఆ పత్రం గురించి జాకోబీ అనే జర్మన్ పండితుడు ఆరా తీశాకే అది బయటికి వచ్చింది. 1830లో అబెల్‌కు మరణానంతరం అకాడమీ బహుమతి ఇచ్చింది. పత్రం అచ్చయింది మాత్రం 1841లో.

గాల్వా అనే మరో కుర్రవాడు 1829లో పదిహేడేళ్ల వయసులో తన పత్రాలు అకాడమీకి ఇచ్చాడు. అవీ కోషీ చేతికే వచ్చాయి. కోషీ వాటిని పోగొట్టారని చాలాకాలం చెప్పుకున్నారు. వాటి విలువ ఆయన గుర్తించి, పోటీ బహుమతికి పంపమని ప్రోత్సహించి ఉంటారని తర్వాతి చరిత్రకారులు అంటున్నారు. కాబట్టి ఆ నింద పూర్తిగా ఆయన మీద వేయడం తగదు. అబెల్ విషయంలో మాత్రం ఆలస్యం ఆలస్యమే. ఒక పేద విద్యార్థికి ఆ మూడేళ్లు చాలా విలువైనవి.

ప్రమాణం చేయని మనిషి

1830 జూలైలో మళ్లీ తిరుగుబాటు వచ్చింది. పాత రాజు పోయి కొత్త రాజు వచ్చాడు. ఉద్యోగులందరూ కొత్త ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చేయాలన్నారు. పాత రాజుకు ఇచ్చిన మాట తప్పనని కోషీ ఒప్పుకోలేదు. ఉద్యోగాలన్నీ పోయాయి. దేశం వదిలి ముందు స్విట్జర్లాండ్, తర్వాత ఇటలీలోని తూరిన్ చేరి అక్కడ పాఠాలు చెప్పారు. 1833లో ప్రాగ్ వెళ్లి, దేశబహిష్కృతుడైన రాజు మనవడికి గురువయ్యారు. ఆ శిష్యుడికి లెక్కలంటే గిట్టేది కాదంటారు. 1838లో పారిస్ తిరిగి వచ్చినా ప్రమాణం చేయలేదు కనుక బోధించే పదవి దక్కలేదు. 1848లో మరో విప్లవం వచ్చి ఆ ప్రమాణాన్నే రద్దు చేశాక, 1849లో విశ్వవిద్యాలయంలో మళ్లీ పాఠం చెప్పగలిగారు.

ఆయన రాజకీయాలతో మాకు ఏకీభావం లేదు. ఆయన రాజపక్షపాతి, మేము రాజ్యాంగం నీడలో చదువుకుంటున్నవాళ్లం. అయినా పద్దెనిమిదేళ్లు జీతం, హోదా వదులుకుని మాట మీద నిలబడటం చిన్న విషయం కాదు.

మూడు పేజీల ఉపాయం

తరగతి గది లేని ఆ కాలంలోనే, 1847 అక్టోబరులో, కోషీ అకాడమీ వారపత్రికలో చిన్న వ్యాసం వేశారు. అంతకు ముందు ఏడాదే లెక్కలు కట్టి నెప్ట్యూన్ గ్రహాన్ని పట్టుకున్నారు. గ్రహకక్ష్యలు లెక్కించాలంటే ఆరు తెలియని రాశులతో చిక్కు సమీకరణాలు సాధించాలి. కోషీ ఆ సమీకరణాలను నేరుగా సాధించే ప్రయత్నం చేయలేదు. ప్రతి సమీకరణంలో మిగిలే తేడాను వర్గం చేసి, అన్నీ కలిపి ఒకే ప్రమేయంగా మార్చాలన్నారు. ఆ ప్రమేయం విలువ సున్నా అయితే సమీకరణాలన్నీ తీరినట్టే. ఇక పని దాన్ని తగ్గించుకుంటూ పోవడమే.

ఎలా తగ్గించాలి? మన సామెతే సమాధానం. నీరు పల్లమెరుగు. ఎక్కడ నిలబడ్డామో అక్కడ అన్ని దిక్కుల్లో వాలు చూడాలి. ఎటు ఎక్కువ వాలుగా ఉంటే అటు ఒక అడుగు దిగాలి. కొత్త చోట మళ్లీ వాలు చూడాలి, మళ్లీ దిగాలి.

చిన్న లెక్క చేద్దాం. ప్రమేయం x వర్గం అనుకోండి. వాలు 2x. అడుగు ప్రమాణం 0.1. పది దగ్గర మొదలుపెడితే వాలు 20, అందులో పదో వంతు 2 తీసేస్తే 8. తర్వాత 6.4, ఆ తర్వాత 5.12. ప్రతిసారీ ఐదో వంతు తగ్గుతూ సున్నా వైపు పోతుంది. అడుగు 0.1 బదులు 1 పెడితే పది నుంచి మైనస్ పదికి, అక్కడి నుంచి మళ్లీ పదికి దూకుతూ ఎప్పటికీ చేరదు. దిక్కు సరైనదే అయినా తొందర పనికిరాదు. అందుకే అడుగు వేసినప్పుడల్లా విలువ నిజంగా తగ్గేలా అడుగు ఎంచుకోవాలని కోషీ చెప్పారు. దీన్ని మరోసారి వివరంగా రాస్తానని వ్యాసంలో అన్నారు గాని ఆ వ్యాసం రాలేదు. ఈ పద్ధతి ఎప్పుడు తప్పక గమ్యం చేరుస్తుందో నిరూపించే పని తర్వాతివారికి మిగిలింది.

సొట్టలున్న గిన్నె

తప్పక చేరే సందర్భం ఒకటుంది. ప్రమేయం నున్నటి మూకుడులా ఉంటే, ఎక్కడి నుంచి జారినా అడుగుకే చేరతాం. రేఖాపటం మీద ఏ రెండు చోట్ల దారం కట్టినా ఆ దారం వక్రానికి కిందికి పోకపోతే అది కుంభాకార ప్రమేయం. ఈ భావనకు 1906లో చక్కని రూపమిచ్చిన యెన్సెన్ కాలేజీ ప్రొఫెసరు కాదు, కోపెన్‌హాగన్‌లో టెలిఫోన్ కంపెనీ ఉద్యోగి. లెక్కలు ఆయన ఖాళీ సమయంలో చేసుకున్నవి.

లోకంలో దొరికే ప్రమేయాలన్నీ నున్నటి మూకుళ్లు కావు. మన మెస్‌లో ఏళ్ల తరబడి వాడిన అన్నం గిన్నెలా సొట్టలు పడి ఉంటాయి. మొత్తం మీద గిన్నె ఆకారమే, అక్కడక్కడా వంకర. వీటినే దాదాపు కుంభాకార ప్రమేయాలు అనుకోవచ్చు. వాటి మీద కోషీ పద్ధతి పనిచేస్తుందా?

మోండా మార్కెట్‌కు కూరగాయలకు వెళ్లే మెస్ కమిటీ తమ్ముళ్లకు దీని జవాబు తెలుసు. ఒక వరసలో టమాటా ధర అడుగుతూ, పక్క దుకాణంలో తక్కువ ఉంటే అటు జరుగుతూ పోతాం. ఒకచోట అటూ ఇటూ రెండు వైపులా ధర ఎక్కువే ఉంటుంది. ఇదే తక్కువ అని సంచి తెరుస్తాం. వెనక వరసలో ఇంకా తక్కువ ఉండవచ్చు. ఇరుగుపొరుగులో తక్కువ వేరు, మార్కెట్ మొత్తంలో తక్కువ వేరు. గణితంలో మొదటిది స్థానిక కనిష్ఠం, రెండోది పరమ కనిష్ఠం.

అయితే ప్రతి సొట్టా నిన్ను ఆపేది కాదు. సైంటిఫిక్ కాలిక్యులేటర్ రేడియన్లలో పెట్టుకుని చూడండి. x వర్గానికి, సైన్ x వర్గాన్ని మూడు రెట్లు చేసి కలపండి. ఇది కుంభాకారం కాదు, మధ్యలో వంకర ఉంది. దీని వాలు, 2xకి సైన్ 2xని మూడు రెట్లు చేసి కలిపినంత. 2 దగ్గర మొదలుపెట్టి అడుగు 0.1గా దిగితే వరసగా 1.83, 1.61, 1.31, 0.90, 0.43, 0.12, 0.02 వస్తాయి. వంకర దగ్గర నడక నెమ్మదించింది గాని ఆగలేదు. ఇప్పుడు మూడు రెట్ల బదులు పది రెట్లు పెట్టి 3 దగ్గర మొదలుపెట్టండి. 2.84 దగ్గర ఆగిపోతారు. అక్కడ విలువ దాదాపు 9, అసలు కనిష్ఠం సున్నా. సొట్ట గుంటగా మారిపోయింది.

ఈ రెండింటికీ తేడా ఎక్కడుందో 1963లో మాస్కోలో బోరిస్ పోల్యాక్ చెప్పారు. అదే ఏడాది పోలండ్‌లో లోయాషియేవిచ్ కూడా ఇలాంటి షరతునే వేరే పనిలో వాడారు. అడుగు నుంచి మనం ఎంత ఎత్తులో ఉన్నామో, వాలు వర్గం కనీసం ఆ ఎత్తులో ఒక స్థిరమైన భాగమైనా ఉండాలి. అంటే పైన ఉన్నంతసేపూ నేల చదునుగా మారకూడదు. ఈ ఒక్క షరతు ఉంటే కుంభాకారం కాకపోయినా, తగినంత చిన్న అడుగుతో ప్రతిసారీ మిగిలిన ఎత్తులో కొంత వంతు తగ్గి తీరుతుంది. మొదటి ప్రమేయం ఈ షరతుకు నిలుస్తుంది, రెండోది నిలవదు.

గుంటలు ఉన్నప్పుడు వేరే ఉపాయాలు వాడతారు. 1964లో పోల్యాక్ చెప్పినది బరువైన గుండు ఉపాయం. దొర్లే ఇనపగుండు పాత వేగంతో చిన్న గుంటను దాటేసినట్టు, ముందు అడుగు ఊపును కొంత కొత్త అడుగులో కలుపుతారు. ఇంకొకటి, వేర్వేరు చోట్ల నుంచి చాలాసార్లు మొదలుపెట్టి అన్నిటిలో తక్కువది ఎంచుకోవడం. మార్కెట్‌కు నలుగురు వెళ్లి నాలుగు వరసలూ తిరిగి రావడం లాంటిది. మరొకటి, ముందు సొట్టలు చదును చేసిన నమూనాలో అడుగు వెతికి, అక్కడి నుంచి అసలు గిన్నెలో వెతకడం.

ఏ ఉపాయానికైనా హద్దు ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన కట్టా గోపాలకృష్ణ మూర్తి, సంతోష్ కబాడితో కలిసి 1987లో ఒక ఫలితం ప్రకటించారు. కుంభాకారం కాని వర్గ ప్రమేయాలకు, షరతులతో కలిపి చూస్తే, మనం నిలబడ్డ చోటు కనీసం స్థానిక కనిష్ఠమా కాదా అని తేల్చడమే, చలరాశులు పెరిగేకొద్దీ, ఎంతో కఠినమైన సమస్యల జాతికి చెందుతుందని చూపించారు. అలాంటి వాటికి వేగంగా తేల్చే పద్ధతి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

ఇంత కష్టమైనా కోషీ పద్ధతిని లోకం వదలలేదు. 1986లో రుమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ కంప్యూటర్ నాడీజాలాలకు నేర్పే పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చారు. అందులో ప్రతి అడుగూ కోషీ అడుగే. యంత్రం చేసే తప్పుల మొత్తం ఎత్తు, దాన్ని తగ్గిస్తూ దిగడమే నేర్చుకోవడం. ఇప్పుడు ఫోనులో మాట వినే, భాష మార్చే సాఫ్ట్‌వేర్లు కోట్ల చలరాశులతో ఇలా దిగుతూ తయారైనవే.

చివరి రోజులు

కోషీ దాదాపు ఎనిమిది వందల రచనలు వదిలి వెళ్లారు. పారిస్ పక్కన సో అనే ఊళ్లో ఉంటూ తన జీతంలో చాలా భాగం అక్కడి పేదలకు ఖర్చు చేసేవారు. 1846లో ఐర్లాండ్ కరువుకు సాయం కోసం పోప్‌కు విన్నపం చేశారు. 1857 మే 23న అదే ఊళ్లో కన్నుమూశారు. ఈఫిల్ గోపురం మీద చెక్కిన 72 మంది పేర్లలో ఆయన పేరు ఉంది.

తమ్ముళ్లూ, ఈ జీవితం నుంచి మేము తీసుకున్నవి రెండు. ఒకటి మీకు. ఒక పరీక్ష తప్పినచోట, ఒక సీటు రానిచోట నాలుగు వైపులా గట్టే కనిపిస్తుంది. అదే నీ స్థాయి అని ఊళ్లోవాళ్లూ అంటారు, ఒక్కోసారి మన మనసే అంటుంది. అది ఆ వరసలో తేలిన ధర మాత్రమే. ఇంకో చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టే దారి లెక్కల్లోనూ ఉంది, బతుకులోనూ ఉంది. అడుగు చిన్నదైనా ఫరవాలేదు.

రెండోది ఇక్కడ చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలకు, అక్కలకు. ఏటా వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఏదో ఒక తమ్ముడు మీ చేతిలో ఒక దరఖాస్తు పెడతాడు, ఒక చెల్లెలు ప్రాజెక్టు కాగితాలు చూసిపెట్టమంటుంది. కోషీ అంతటి దయగల మనిషి బల్ల మీదే అబెల్ కాగితాలు ఉండిపోయాయి. పేదవాడి కాగితానికి వాయిదా పనికిరాదు. ఆ వారంలోనే చదవండి, బాగుంటే బాగుందని, లేకపోతే ఎక్కడ దిద్దాలో ఒక్క ముక్క రాసి పంపండి. ఈ సంచిక ద్వారా మేము కోరేది అంతే.